విద్యుత్ కేంద్రాల్లో కంపనాల పర్యవేక్షణ

విద్యుత్ కేంద్రంలో తిరిగే యంత్రాల కంపనాలను కొలుస్తూ, లోపం ముదరకముందే పసిగట్టి, మరమ్మతు ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే పద్ధతి ఇది. టర్బైన్, జనరేటర్, బాయిలర్ ఫీడ్ పంపు, ఐడీ (ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్) ఫ్యాన్ వంటి యంత్రాలకు దీన్ని వాడతారు.

పెద్ద టర్బైన్ షాఫ్ట్ బేరింగుల్లో పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. పక్కనే బిగించిన ఎడ్డీ కరెంట్ ప్రోబ్ షాఫ్ట్‌ను తాకకుండానే దాని కదలికను మైక్రాన్లలో చూపుతుంది.

కంపనం ఎంత ఉందన్నది ఒక ఎత్తు, ఏ పౌనఃపున్యం దగ్గర ఉందన్నది మరో ఎత్తు. మన గ్రిడ్ 50 హెర్ట్జ్‌ది. థర్మల్ కేంద్రంలో టర్బైన్ నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. కంపనం 50 హెర్ట్జ్ దగ్గర పెరిగితే ముందుగా రోటర్ బ్యాలెన్స్ తప్పిందేమో చూస్తారు. 100 దగ్గర పెరిగితే కప్లింగ్ అలైన్‌మెంట్‌ను, అరుదుగా షాఫ్ట్ పగులును అనుమానిస్తారు. 25కు కాస్త దిగువన కనిపిస్తే బేరింగ్‌లోని నూనె పొర షాఫ్ట్‌ను సుడి తిప్పుతూ ఉండవచ్చు. ఏ ఒక్క గుర్తునో నమ్మి తీర్పు చెప్పకూడదు. లోడు, నూనె ఉష్ణోగ్రత, ఫేజ్ కూడా కలిపి చూడాలి.

ఐఎస్ఓ 20816 ప్రమాణం కంపన తీవ్రతను ఏ, బి, సి, డి మండలాలుగా విభజించింది. డి మండలంలోని కంపనం యంత్రాన్ని దెబ్బతీసేంత తీవ్రమైనది. మండలం మారకపోయినా రీడింగు ఒక్కసారిగా పెరిగినా, చివరికి తగ్గినా, కారణం వెతకాలని అదే ప్రమాణం చెబుతుంది. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. అంకె పరిమితి లోపల ఉందని ఊరుకునేవారు సగం సమాచారాన్ని వదిలేసుకుంటున్నట్టే.

దీనికీ హద్దులున్నాయి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు లోహపు అలసటతో విరిగాయి. దాంతో పుట్టిన తీవ్ర కంపనాలకు జనరేటర్‌లోని హైడ్రోజన్ లీకై మంటలు లేచాయి. అక్కడ కంపనం హెచ్చరికగా కాక, వైఫల్యం వెంటే వచ్చింది. బ్లేడ్లలో పగుళ్లను ఓవర్‌హాల్ తనిఖీల్లోనే పట్టుకోవాలి.

రష్యాలోని సయానో-షుషెన్‌స్కాయా జలవిద్యుత్ కేంద్రం సంగతి వేరు. 2009 ఆగస్టు 17న రెండో యూనిట్ టర్బైన్ మూతను పట్టి ఉంచిన బోల్టులు తెగి, నీరు యంత్రశాలను ముంచెత్తింది. 75 మంది చనిపోయారు. ఆ బోల్టుల్లో అలసట పగుళ్లు కనిపించాయి. ఆ ఏడాదే ఆ యూనిట్‌కు అమర్చిన నిరంతర కంపన పర్యవేక్షణ వ్యవస్థను వాడకంలోకి తేలేదని, సిబ్బంది దాన్ని పరిగణనలోకి తీసుకోలేదని దర్యాప్తు నివేదిక తేల్చింది.