బొర్రా కొండను కాపాడిన ఒక్క మాట

బొర్రా గుహలంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది కొత్తవలస–కిరండూల్ లైను రైలు, బొంగు చికెన్, ఫొటోలు. ఆ గుహల్లో గబ్బిలాలతో పాటు అరుదైన బంగారు బల్లి కూడా ఉంటుంది. ఆ కొండల్లో పుట్టిన గోస్తని తాటిపూడి రిజర్వాయరు నింపి విశాఖ పట్నానికి తాగునీరు ఇస్తుంది. అంటే బొర్రా పంచాయతీ కొండలు తవ్వితే నష్టం కొండ మీది వాళ్లకే కాదు, కింద పట్నానికీ ఉంది.

ఆ కొండల్లో కాల్సైట్ రాయి ఉంది. అనంతగిరి మండలం బొర్రా రిజర్వు అడవి, దానిలోని 14 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం. అయినా ప్రభుత్వం అక్కడి భూముల్ని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకిచ్చింది. తరాలుగా సాగు చేసుకుంటున్నా పట్టాలు లేవు గనుక అది సర్కారు భూమేనన్నారు.

మన భూములకు చట్టం కొత్తగా వచ్చింది కాదు. 1917లోనే ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం ఉంది. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టిపరుస్తూ 1970లో చేసిన సవరణ. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది. (మా హాస్టల్ పిల్లల్ని అడిగితే పేరు చెప్తారు గానీ అందులో ఏముందో చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.) షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'వ్యక్తీ' భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదని అందులో ఉంది. ప్రభుత్వం వాదన ఏమిటంటే, ఆ మాట మనుషులకే గానీ మాకు వర్తించదని.

సమత సంస్థ గ్రామస్థుల పక్షాన 1993లో హైకోర్టుకు వెళ్లింది. 1995లో అక్కడ ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఆ 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వం కూడా ఉందని తేల్చారు. సర్కారు భూమైనా, అడవి భూమైనా షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి లీజు చెల్లదు. కొండను కాపాడింది ఆ ఒక్క మాటే.

తీర్పు తలుపులన్నీ మూయలేదు. ప్రభుత్వ ఖనిజ సంస్థగానీ, గిరిజనుల సహకార సంఘంగానీ తవ్వుకోవచ్చంది. నాకు ఇది పెద్ద సందుగానే కనిపిస్తుంది. 2015లో జీవో 97తో చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు బాక్సైట్ కోసం ప్రభుత్వ ఖనిజ సంస్థకే ఇవ్వబోయారు. మన్యమంతా లేచింది. 2019లో ఆ జీవో రద్దయింది.

కాల్సైట్ సంగతి కూడా 2015లోనే మారింది. దాన్ని చిన్న తరహా ఖనిజాల జాబితాలో చేర్చారు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో అలాంటి ఖనిజానికి లీజు ఇవ్వాలంటే ముందుగా గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 18 నిండినవాళ్లు ముందు ఆ జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి.