కె.ఎల్. రావు జలగణితం: తరగతి గది నుంచి మూసీ ఒడ్డు దాకా

కానూరి లక్ష్మణరావు తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'క్యూసెక్స్ క్యాండిడేట్'. 1978లో వచ్చింది. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీటిని క్యూసెక్కు అంటాం. ఎన్నికల్లో నిలిచి మూడుసార్లు గెలిచిన మనిషి కులంతోనో పార్టీతోనో కాక ఒక ప్రవాహపు కొలతతో తనను గుర్తించుకోవడం తెలుగు రాజకీయ చరిత్రలో అరుదు. తరగతి గదిలో అలవడిన ఈ లెక్క కట్టే క్రమశిక్షణే ఆయన రాజకీయానికీ దౌత్యానికీ బలమైందని, పర్యావరణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్కలో ఒక పద్దు లేకుండా పోయిందని ఈ వ్యాసం వాదన. ఆ పద్దు ఏమిటో తెలియాలంటే హైదరాబాద్ పాతబస్తీలోని ధూల్‌పేట్ దాకా రావాలి.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు, ఒక కంటి చూపూ పోయింది. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ మాస్టర్స్ పట్టా పొందిన తొలి విద్యార్థి అయ్యారు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ పూర్తిచేసి, అక్కడే కొంతకాలం బోధించి, రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ మీద పాఠ్యగ్రంథం రాశారు. స్వదేశానికి వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరి రామపాదసాగర్ పథకం మీద పనిచేశారు. ఇవాళ పోలవరంగా మనం పిలుస్తున్న ప్రాజెక్టుకు మూలం అదే. 1950లలో ఢిల్లీ వెళ్లి కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగారు.

ఆ ఏళ్లలో ఆయన ముద్ర గట్టిగా పడ్డ కట్టడం నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టుగా లేపారు. సిమెంటుకు కరువున్న దేశం, పనికోసం ఎదురుచూస్తున్న లక్షల చేతులు, దగ్గర్లోనే దొరికే రాయి: ఈ మూడింటినీ ఒకే లెక్కలో వేసి చూసిన నిర్ణయమది. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. దాదాపు 124 మీటర్ల ఎత్తున రాళ్లు పేర్చి నిలబెట్టిన ఆ గోడ సాంకేతిక ఎంపిక ఎంతో, ఆర్థిక విధానం కూడా అంతే. రాజకీయాల్లో అడుగు పెట్టకముందే ఆయన రాజకీయ నిర్ణయాలు చేస్తున్నారని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనబడదు.

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1967లో, 1971లో మళ్లీ గెలిచారు. 1963లో నెహ్రూ ఆయన్ను నీటిపారుదల, విద్యుత్ శాఖలోకి తీసుకున్నారు. శాస్త్రి, ఇందిర మంత్రివర్గాల్లోనూ కొనసాగి దాదాపు పదేళ్లు ఆ శాఖ చూశారు. తాను ఒకప్పుడు గీసిన పటాలకు ఇప్పుడు తానే నిధులు అడగాలి, ఎగువ రాష్ట్రాల వాదన కూడా వినాలి. కృష్ణా నీటి పంచాయితీ ముదిరి 1969లో బచావత్ ట్రైబ్యునల్ ఏర్పడింది కూడా ఈ కాలంలోనే. కృష్ణా డెల్టా నుంచి వచ్చిన మనిషి కేంద్రంలో ఆ శాఖ మంత్రిగా ఉండగా ఒక తగవు న్యాయమూర్తుల ముందుకు వెళ్లిందంటే, అంకెలు ఎంత కచ్చితంగా ఉన్నా వాటిని ఎవరి నోట వింటున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుందని అర్థం.

దౌత్యంలో అది మరింత తేటగా కనిపిస్తుంది. కలకత్తా రేవులో మేట వేస్తున్న ఒండ్రును తోసేయడానికి గంగ నుంచి 40,000 క్యూసెక్కులు భాగీరథి, హుగ్లీలోకి మళ్లించాలన్నది ఫరక్కా బ్యారేజీ ఉద్దేశం. పని 1961లో మొదలైంది. దిగువన మొదట తూర్పు పాకిస్తాన్, 1971 తర్వాత బంగ్లాదేశ్. ఆయన మంత్రిగా ఉండగానే 1972లో ఉభయ దేశాల సంయుక్త నదుల సంఘం ఏర్పడింది. స్నేహం నిండుగా ఉన్న రోజులవి. అయినా చిక్కు తీరలేదు, ఎందుకంటే ఎండాకాలంలో నదిలో ఉన్నదే అంత. 1977 ఒప్పందం ప్రకారం ఏప్రిల్ చివరి పది రోజులకు ఫరక్కా దగ్గర లభ్యత 55,000 క్యూసెక్కులుగా లెక్కించి బంగ్లాదేశ్‌కు 34,500, భారత్‌కు 20,500 కేటాయించారు. హుగ్లీకి కావాలనుకున్న దానిలో అది సుమారు సగం. ఇంజనీరు అవసరంతో మొదలుపెడతాడు. దౌత్యవేత్త ఉన్నదానితో మొదలుపెట్టాలి.

1972లోనే ఆయన పేరును దేశమంతటా మోగించిన గంగా కావేరీ అనుసంధాన ప్రతిపాదన వచ్చింది. పాట్నా దగ్గర గంగ నుంచి ఏడాదిలో దాదాపు 150 రోజులపాటు 60,000 క్యూసెక్కులు తీయాలి. అందులో 10,000 గంగా పరీవాహకంలోనే వాడి, మిగతా 50,000 క్యూసెక్కులను 549 మీటర్ల ఎత్తుకు ఎత్తి దక్షిణానికి పంపాలి. 40 లక్షల హెక్టార్లకు నీరు, ఖర్చు 12,500 కోట్ల రూపాయలు. కేంద్ర జల సంఘం పరిశీలించి ఈ అంచనా చాలా తక్కువన్నది. ఎత్తిపోతకే 5,000 నుంచి 7,000 మెగావాట్లు కావాలని, వరద నివారణకు దీనివల్ల ప్రయోజనం లేదని తేల్చింది.

ఈ విద్యుత్ లెక్కను విద్యార్థులు తమంతట తాము వేసి చూడొచ్చు. 50,000 క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 1,416 ఘనపు మీటర్లు. దాన్ని గురుత్వాకర్షణతోనూ 549 మీటర్లతోనూ గుణిస్తే పంపుల నష్టాలు కలపకముందే 7,600 మెగావాట్లు దాటుతుంది. 1974 నాటికి దేశమంతా కలిపి స్థాపిత విద్యుత్ సామర్థ్యం 16,600 మెగావాట్ల చుట్టుపక్కల ఉంది. అంటే దాదాపు సగం దేశపు కరెంటు ఒక్క కాలువకే. ఇంత సులువైన లెక్క ఆయనకు తెలియదనుకోవడం అవివేకం. ఈ పథకాన్ని ఆయన నిర్మాణ ప్రణాళికగా కంటే ఒక జాతీయ ప్రశ్నగా ముందుపెట్టారని నా అభిప్రాయం. ఆ ప్రశ్న బతికింది కూడా. 1980లో జాతీయ దృక్పథ ప్రణాళిక, 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ వచ్చాయి.

అయితే ఆ ప్రతిపాదన అంతా మిగులు జలం అనే భావన మీద నిలిచింది. వరద నెలల్లో సముద్రానికి చేరే నీటికి వేరే పని లేదన్న నమ్మకం ఆ తరం ఇంజనీర్లందరిదీ. చేపలు, డెల్టా మొనకు చేరే ఒండ్రు, ఉప్పునీటిని వెనక్కి నెట్టే ప్రవాహం, వీటికి ఆ పట్టికలో వరుస లేదు. స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు జరిగిందీ 1972 జూన్‌లోనే. మన జల కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. 1975లో ఆయన రాసిన 'ఇండియాస్ వాటర్ వెల్త్' దేశపు నీటిని ఒకే సంపదగా చూసి మదింపు చేసిన పెద్ద ప్రయత్నం. పరీవాహకాన్ని యూనిట్‌గా తీసుకుని ఆలోచించడం దాని ద్వారా తెలుగు పాఠకులకూ చేరువైంది, పర్యావరణవాదులు ఆయనకు బాకీపడింది అక్కడే. తర్వాతి తరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పర్యావరణ ఇంజనీరింగ్ బోధించిన టి. శివాజీరావు అదే గణితంతో కాలుష్యం మీద, పోలవరం భద్రత మీద ప్రశ్నలు వేశారు. ఒకే శాస్త్రం రెండు వైపులా పనిచేయగలదని ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇక ధూల్‌పేట్. పురానాపూల్‌కు దగ్గరగా, మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఈ బస్తీ వినాయక విగ్రహాలకూ పతంగులకూ పేరు. 1908 సెప్టెంబర్‌లో ఈ నది పొంగి నగరంలో వేలమందిని బలిగొంది. విశ్వేశ్వరయ్య సూచనల మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టాక వరద భయం తగ్గింది. ఆ తర్వాత నగరం పెరిగి, రెండు చెరువులూ మంజీరా చాలక, కృష్ణా నీటి కోసం నాగార్జునసాగర్ వైపు చూసింది. మూడు దశల్లో, దశకు 5.5 టీఎంసీల చొప్పున 16.5 టీఎంసీలు. అంటే లక్ష్మణరావు డిజైన్ చేసిన జలాశయం ఇవాళ హైదరాబాద్ దాహం తీరుస్తోంది. ఆ నీరు వాడకం అయ్యాక నాలాల్లోంచి మూసీలో పడి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలో కలుస్తుంది. దాని దిగువన ఉన్నది పులిచింతల, అధికారికంగా డాక్టర్ కె.ఎల్. రావు సాగర్, సామర్థ్యం 45.77 టీఎంసీలు.

బచావత్ తీర్పులో ఒక నియమముంది. తాగునీటికి మళ్లించిన దానిలో 20 శాతాన్నే వినియోగంగా లెక్కించాలి. తక్కిన 80 శాతం నదికి తిరిగి వస్తుందని భావించారు. పరిమాణంలో ఇది సమంజసమే. హైదరాబాద్ వాటాకు అన్వయిస్తే 13.2 టీఎంసీలు తిరిగి చేరాలి. కానీ ఏ స్థితిలో చేరుతున్నాయన్నదానికి ఆ లెక్కలో గడి లేదు. శుద్ధి కాని మురుగు ఎంత, రసాయనం ఎంత, నల్లగొండ రైతు మూసీ కాలువ కింద వరికి పెడుతున్నది ఏ నీరు: లక్ష్మణరావు గణితంలో తప్పిపోయిన పద్దు ఇదే.

ఈ పద్దు ఖాళీగా ఉండగా నియమాలు మాత్రం ధూల్‌పేట్ గల్లీల్లోకి వచ్చాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను వద్దంది. 2021 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో వాటి నిమజ్జనాన్ని నిషేధించింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు చేరేది మూసీలోకే కాబట్టి ఈ ఆంక్ష న్యాయమైనదే, నేను దాన్ని సమర్థిస్తాను. అయితే మట్టి విగ్రహానికి ఆరే సమయం ఎక్కువ, బరువు ఎక్కువ, మోసేటప్పుడు విరిగే భయం ఎక్కువ. అప్పు తెచ్చి అచ్చులు చేయించుకున్న కుటుంబానికి మట్టి ఎక్కడ దొరుకుతుంది, ఆరబెట్టే జాగా ఎవరిస్తారు, పాత సరుకు ఏం చేయాలి అన్నది ఆదేశంతో పాటే లెక్క వేసి చెప్పాల్సింది. నాగార్జునసాగర్‌ను రాతితో కడదామన్నప్పుడు సిమెంటునూ కూలీనీ ఒకే కాగితం మీద వేసి చూశారు. మూసీ శుద్ధికి కాగితం తీసిన ఇంజనీర్లు అందులో రోజూ పడే మురుగుకూ, ఏడాదికోసారి వచ్చే విగ్రహాలకూ, వాటిని చేసే చేతుల కూలికీ వేర్వేరు వరుసలు గీయాలి. ఆ వరుసల్లో మొదట పెద్ద అంకె ఉన్నదాని మీద ఖర్చు పెట్టాలి.