తిరుగుట: గోదావరి సీమలో ఒక క్రియాపద చరిత్ర

తెలుగులో ‘తిరుగు’ క్రియకు మూడు ప్రధానార్థాలున్నాయి. మొదటిది పరిభ్రమణం: చక్రం తిరుగుతుంది. రెండవది సంచారం: ఊళ్లు తిరుగుతారు. మూడవది దిశ మారడం: ఇంటికి తిరిగి వస్తారు, ఎదురు తిరుగుతారు. తిరగలి, తిరుగుబోతు, తిరుగుబాటు అనే మాటలు ఈ మూడర్థాలకు వరుసగా ఉదాహరణలు. వీటిలో సంచారార్థానికి ఒకచోట గౌరవం, మరొకచోట నింద చేరాయి. శిష్టులు తిరిగితే అది దేశాటనం, తీర్థయాత్ర. ఇతరులు తిరిగితే అది ఉత్త తిరుగుడు. ఈ భేదానికి గోదావరి సీమ సాహిత్యంలోనూ, చరిత్రలోనూ నిదర్శనాలున్నాయి.

శ్రీనాథుడు కాశీఖండాన్ని రాజమహేంద్రవర రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. అందులో వ్యాసుడు కాశీలో ఇంటింటికీ తిరిగినా భిక్ష దొరకదు. కోపంతో నగరాన్ని శపించబోయి, విశ్వేశ్వరుని ఆజ్ఞతో కాశిని విడుస్తాడు. అతడు దక్షారామం చేరిన వృత్తాంతం భీమేశ్వర పురాణంలో ఉంది. భిక్షాటనంగా మొదలైన తిరుగుడు బహిష్కారంగా మారి, చివరకు క్షేత్రయాత్ర అయింది.

కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో ధారావాహికగా వెలువడి, 1880లో పుస్తకమైంది. ఇందులో సంచారానికి రెండు ముఖాలున్నాయి. బంగారం చేస్తానని నమ్మించి దోచుకున్న బైరాగి ఒక సంచారి. ఆస్తి పోగొట్టుకొని ధవళేశ్వరం విడిచి కుటుంబంతో యాత్రకు బయలుదేరిన రాజశేఖరుడు మరొక సంచారి. కాషాయం ధరించినంత మాత్రాన తిరుగుడుకు పవిత్రత రాదని నవల సూచిస్తుంది. 1887లో లండన్‌లో వెలువడిన దీని ఆంగ్లానువాదానికి ‘అదృష్టచక్రం’ అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. అక్కడ ప్రధానమైనది పరిభ్రమణార్థమే.

డెల్టాకు ఎగువనున్న మన్యంలో ఈ క్రియ రాజకీయార్థాన్ని పొందింది. పోడు సేద్యంలో నేలకు విశ్రాంతినిస్తూ చోటు మారడం ఒక పద్ధతి. గమ్యం లేని సంచారం కాదు. మన్సబుదారు వసూళ్లు, కల్లుపై పన్ను, ఆంక్షలు 1879లో రంప తిరుగుబాటుకు దారితీశాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రక్షితారణ్యాలలో పోడును, పశువుల మేతను, అటవీ ఫలసాయ సేకరణను కట్టడి చేసింది. ఉత్తర భారత తీర్థాలు తిరిగివచ్చిన అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి జరిగింది. 1924 మే 7న ఆయన మరణించాడు.

ఈ పోరాటాలకు ‘పితూరీ’ అనే పేరు కూడా ఉంది. నేటి వాడుకలో పితూరీ అంటే ఒకరిపై మరొకరు చేసే ఫిర్యాదు. పితూరీలు చెప్పడం చులకనైన పని. ‘తిరుగుబాటు’ మాత్రం గౌరవాన్ని నిలుపుకొంది.

కనుక సంచారార్థానికి మంచిచెడ్డలు ధాతువు నుండి వచ్చినవి కావు; తిరిగేవారి స్థానాన్ని బట్టి, పేరు పెట్టేవారి అధికారాన్ని బట్టి వచ్చినవి. మన్యవాసుల విషయంలో రెండవ, మూడవ అర్థాలకు చారిత్రక సంబంధం కూడా ఏర్పడింది. తమ అడవిలో స్వేచ్ఛగా తిరిగే హక్కుకు అడ్డు పడినప్పుడు వారు అధికారంపై తిరగబడ్డారు. నిఘంటువు ఈ అర్థాలను విడివిడిగా చూపుతుంది. వాటిని కలిపిన అనుభవాన్ని చరిత్రలో వెదకాలి.