షుగర్ బిళ్ళ చవకే, బస్సు చార్జీయే ఎక్కువ

మన ఇళ్ళల్లో అమ్మకో నాన్నకో నెలనెలా మెట్‌ఫార్మిన్ కొంటూనే ఉంటాం. 500 మిల్లీగ్రాముల బిళ్ళ రూపాయో రెండు రూపాయలో. అంత చవగ్గా ఎందుకొస్తోందని నేనైతే చాలా ఏళ్ళు ఆలోచించలేదు. దాని వెనక పెద్ద కథే ఉంది.

మెట్‌ఫార్మిన్‌ని మొదట తయారుచేసింది 1922లో, డబ్లిన్‌లో. షుగర్‌కి పనికొస్తుందని ఫ్రెంచి డాక్టర్ జాన్ స్టెర్న్ 1957లో చూపించాడు. అమెరికాలో మందుల షాపులకి చేరేసరికి 1995 అయింది! ఇన్సులిన్ కథ ఇంకా విచిత్రం. టొరంటోలో 1921లో కనిపెట్టారు. దాని పేటెంట్‌ని బాంటింగ్, బెస్ట్, కాలిప్ 1923లో తలా ఒక్క డాలరుకి యూనివర్సిటీకి రాసిచ్చేశారు. మందు అందరికీ అందాలని వాళ్ళ ఉద్దేశం.

మన దేశంలో మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా బ్రిటిష్ వాళ్ళ 1911 నాటి పేటెంటు చట్టమే నడిచింది. కొన్ని మందుల ధరలు ప్రపంచంలో బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీయే తేల్చింది. 1970లో కొత్త చట్టం చేశాం, 1972 నుంచి అమలు. అందులో కిటుకు ఏంటంటే, మందు మీద పేటెంట్ ఉండదు, తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ మీద ఎవడికీ హక్కు లేదు, కోడ్ మీదే హక్కు. వేరే కోడ్ రాసుకుని అదే అవుట్‌పుట్ తెప్పిస్తే ఎవరూ అడగరు.

ఆ కోడ్ రాసే జనం తయారైంది హైదరాబాద్‌లోనే. సోవియట్ సాయంతో బాలానగర్‌లో పెట్టిన ఐడీపీఎల్, కంపెనీగా ఎలా మునిగిందన్నది పక్కన పెడితే, కెమిస్టులకి మంచి బడి. అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీ సొంతంగా కనిపెట్టిన షుగర్ మందుని 1997లో ఇన్సులిన్ దిగ్గజం నోవో నార్డిస్క్‌కి లైసెన్సుకి ఇచ్చింది. తర్వాత ఇచ్చిన రాగాగ్లిటజార్‌ని, ఎలుకల్లో కణితులు కనబడేసరికి, 2002లో ఆపేశారు. అది వేరే కథలెండి.

2005 నుంచి మందుల మీదే పేటెంట్ మళ్ళీ వచ్చింది. తేడా ఎంతో సిటాగ్లిప్టిన్‌ని చూస్తే తెలుస్తుంది. పేటెంట్ 2022 జూలైలో అయిపోయింది. మూడు నెలలు తిరక్కుండానే జన ఔషధి దుకాణాల్లో 50 మిల్లీగ్రాములవి పది బిళ్ళలు 60 రూపాయలకి పెట్టారు.

ఇదంతా చదివి మన హైదరాబాద్‌ని చూసి గర్వపడొచ్చు. నేనూ పడ్డాను. కానీ హైదరాబాద్ నుంచి మూడొందల కిలోమీటర్లు వెళ్తే భద్రాచలం. అక్కణ్ణించి అడవిలోకి అరవై కిలోమీటర్ల పైన వెళ్తే చింతూరు. ఈ కథలో చివరి ముక్క అక్కడుంది.

ఈ మన్యాన్ని ఎవరి లెక్కలో వెయ్యాలో ప్రభుత్వాలకి ఎప్పుడూ ఒక పట్టాన తేలలేదు. మద్రాసు కాలం నుంచి తూర్పు గోదావరి కింద ఉన్న భద్రాచలాన్ని 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చేశారు. భద్రాచలం పట్నం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. ఊరు దాటగానే ఎటపాక, అది వేరే రాష్ట్రం! 2022లో చింతూరు వైపు మండలాలు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి జిల్లాలోకి వెళ్ళాయి. పాడేరు ఎక్కడ, చింతూరు ఎక్కడ?

జ్వరమొచ్చినా, పాము కరిచినా జనం పరిగెత్తేది భద్రాచలం ఏరియా ఆసుపత్రికే. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా వస్తారు. ప్రాణం మీదకొస్తే ఎవరైనా ఎలాగోలా వస్తారు. షుగర్ అలాంటిది కాదే... నొప్పి ఉండదు, బిళ్ళ మాత్రం రోజూ వేసుకోవాలి. నెలకి అరవై బిళ్ళలు వంద రూపాయల్లో వచ్చేస్తాయి. చింతూరు నుంచి భద్రాచలం రానూపోనూ బస్సు చార్జీ అంతకంటే ఎక్కువ, పోయిన కూలి వేరే. వేలు గుచ్చి చూసే స్ట్రిప్ ఒక్కటే పదిహేను, ఇరవై రూపాయలు, అంటే బిళ్ళ కంటే పరీక్షే ఖరీదు. ఇన్సులిన్ సీసా చవగ్గా దొరికినా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలంటే ఫ్రిజ్ కావాలి, దానికి కరెంటు నిలకడగా ఉండాలి. లేనివాళ్ళు తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టుకోవాల్సిందే.

ఈ లెక్క ఎవరికీ తెలియక కాదు. 2008-09లో ఉమ్మడి రాష్ట్రంలో 104 బళ్ళు మొదలయ్యాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 3 కిలోమీటర్ల కంటే దూరంగా ఉన్న ఊళ్ళకి నెలకోసారి, చెప్పిన తారీఖుకి వెళ్ళి బీపీ, షుగర్ చూసి నెలకి సరిపడా బిళ్ళలు ఇవ్వడం వాటి పని. నడిపింది సత్యం కంప్యూటర్స్ యజమానుల కుటుంబం మొదలుపెట్టిన సంస్థే. 2009 జనవరిలో సత్యం ఏమైందో మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా నన్నడిగితే ఈ మొత్తం గొలుసులో అసలైన ఆవిష్కరణ ఆ 'చెప్పిన తారీఖు' అనే అంటాను. కొత్త మాలిక్యూల్ ఏమీ లేదు, బండీ ఒక క్యాలెండరూ అంతే.

విడిపోయాక దారులు వేరయ్యాయి. ఆంధ్రలో 2020 జూలైలో 104కి కొత్త బళ్ళు వచ్చాయి. తెలంగాణలో ఆ బళ్ళు ఆపేసి, బిళ్ళల పని ఏఎన్ఎంల, ఆశాల చేతికిచ్చారు. ఆశాలు గడప గడపకీ వెళ్తారు, నిజమే. కానీ ఏ రాష్ట్రం మందులు ఆ రాష్ట్రమే కొంటుంది, ఎవరి జాబితా వాళ్ళదే. అన్నదమ్ములు ఒకరు భద్రాచలంలో, ఒకరు ఎటపాకలో ఉంటే, ఇద్దరికీ ఒకే రోగమైనా, ఒకే రూపాయి బిళ్ళ రెండు వేరే వేరే గోడౌన్ల నుంచి రావాలి. ఒక నెల ఒకదాంట్లో సరుకు అయిపోయిందనుకోండి, కిలోమీటరు అవతల రెండోదాంట్లో ఉన్నా ఆ లెక్కలో ఈ పేరు ఉండదు.