భీమ్‌గల్ నుండి డిచ్‌పల్లి వరకు: కుష్ఠురోగ నిర్ధారణ చరిత్ర, సంఘ బోధ

మార్కు సువార్త 1:40-45 మీద ప్రసంగం వినని విశ్వాసి తెలుగు సంఘములలో అరుదు. ఆ ప్రసంగపు నిర్మాణం మనకందరికీ తెలిసినదే. కుష్ఠు పాపమునకు సాదృశ్యము. అది చిన్న మచ్చగా మొదలగును, స్పర్శను చంపును, లోలోపల వ్యాపించును, చివరకు మనిషిని సమాజమునుండి వెలివేయును. ఇలా నాలుగు అంశములుగా చెప్పుట సులభం, విన్నవారికి గుర్తుండుట కూడా సులభం.

నిజామాబాద్ జిల్లాలోని భీమ్‌గల్ వంటి ప్రాంతంలో ఈ ప్రసంగం చేసినప్పుడు ఎదుట కూర్చున్నవారెవరో ఒకసారి ఆలోచించాలి. బీడీలు చుట్టే స్త్రీలు, పసుపు, వరి, మక్క పొలాల్లో పనిచేసేవారు, గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి కుటుంబాలు. వారిలో ఒక స్త్రీకి వీపు మీద దురద లేని, నొప్పి లేని పాలిపోయిన మచ్చ ఒకటి ఉన్నదనుకుందాం. ప్రసంగం ముగిసిన తరువాత ఆమె డాక్టరు వద్దకు వెళ్లునా, పైట మరికొంచెం కప్పుకొనునా? ఈ వ్యాసము ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. దీనికి జవాబు వెదకుటకు మన జిల్లాలోనే ఒక చరిత్ర ఉన్నది. భీమ్‌గల్‌కు ముప్పై కిలోమీటర్లకు పైబడిన దూరంలో, హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న డిచ్‌పల్లిలో, సంఘము స్థాపించిన వైద్యశాలయే ఈ మచ్చను ఇతర మచ్చలనుండి వేరుచేసి చూచుట నేర్పినది. అదే సంఘము ప్రసంగ వేదికమీద ఆ తేడాను చెరిపివేసినదని మా అభిప్రాయము.

డిచ్‌పల్లి ఆరంభం

ఇసబెల్ కెర్ స్కాట్లండులో 1875లో జన్మించారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పొందారు. భర్త జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు సేవకుడు. ఈ దంపతులు 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. ఇందూరు అనే పాత పేరు పోయి నిజామాబాద్ అనే పేరు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఈ ప్రాంతపు కుష్ఠురోగులకు వైద్యం అన్నదే లేకపోవుట చూచి, 1911లో నిజామాబాద్‌లో వారికొరకు ఒక చిన్న ఆశ్రయమును ఆరంభించారు. చోటు చాలలేదు. 1915లో రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇవ్వగా డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగుల వైద్యశాల వెలిసింది. తరువాత నిజాం ప్రభుత్వము కూడా సహాయము చేసింది. హిందువు ధనము, ముస్లిం ప్రభువు సహాయము, మెథడిస్టు వైద్యురాలి చేతులు కలిసిన పని ఇది. మన మిషను చరిత్రలు దీనిని ఒక వాక్యంలో దాటవేయుట న్యాయం కాదు. కెర్ దంపతులకు 1923లో కైజర్-ఎ-హింద్ పతకం లభించింది.

ఆ కాలంలో మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. ఇందులో మన దేశపు చెట్టు ఒకటి ఉన్నది; దానిని తెలుగులో అడవి బాదం అంటారు. సంస్కృత వైద్య గ్రంథమైన సుశ్రుత సంహితలో చెప్పిన తువరకము ఇదేనని పలువురు పండితుల అభిప్రాయము. నోటితో త్రాగితే ఈ నూనె వికారము, వాంతి కలిగించును. కనుక ఎక్కువకాలం ఎవరూ తీసుకోలేకపోయేవారు. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, ఆయన తరువాత ఎర్నెస్ట్ మ్యూర్ ఈ నూనెను, దాని నుండి తీసిన పదార్థములను సూదిమందుగా ఇచ్చు పద్ధతిని అభివృద్ధి చేశారు. 1920లలో ఆ పద్ధతి డిచ్‌పల్లిలో అమలయింది. మచ్చలోనే అనేక చోట్ల సూది గుచ్చవలసి వచ్చేది, వారాల తరబడి, ఏండ్ల తరబడి.

ఆ నూనె నిజముగా ఎంత పనిచేసిందో ఈనాడు వైద్యులు సందేహముతోనే మాట్లాడుతారు. అయినా చరిత్రలో దాని స్థానం చిన్నది కాదు. ఆశ అంటూ ఒకటి ఉన్నది గనుక రోగులు వేళ్లు పోకముందే, మచ్చ స్థితిలోనే రావటం మొదలుపెట్టారు. అంతవరకు ఆశ్రయములకు వచ్చినది పుండ్లు పడిన బిచ్చగాండ్రు. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి చట్టము కూడా పుండ్లు పడటం మొదలైనవానినే కుష్ఠురోగిగా నిర్వచించింది. రోగము చేయగలిగిన నష్టమంతా చేసిన తరువాత చట్టము కన్ను తెరిచేదన్నమాట. డిచ్‌పల్లి వంటి చోట్ల వైద్యులు చట్టముకంటే ఎన్నో ఏండ్లు ముందుగా చూడవలసి వచ్చింది.

మచ్చను చదువుట

ముందుగా చూచుట అంత తేలిక కాదు. పల్లెలో మనిషి చర్మం మీద కనిపించే తెల్లని, పాలిపోయిన మచ్చలు ఎన్నో రకాలు. బొల్లిలో చర్మం పూర్తిగా తెల్లబడుతుంది గాని స్పర్శ పోదు. తామర అంచు కట్టి దురద పెడుతుంది. సిబ్బెం చెమట పట్టే చోట్ల చిన్న చిన్నగా, పొట్టు రేగినట్లుగా వస్తుంది. సోరియాసిస్ పొలుసులు రాల్చును. సవాయి కూడా చర్మం మీద కనిపించును. పైగా ముదిరిన కుష్ఠురోగులలో సవాయికి చేసే రక్తపరీక్ష ఆ రోగం లేకున్నా ఉన్నట్లు చూపవచ్చును. చేతులు కాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవారిలో నేడు మధుమేహ రోగులు ఎందరో ఉన్నారు; వారికి కుష్ఠు లేదు.

కుష్ఠును వీటినుండి వేరుచేసే గుర్తులు మూడు. మచ్చలో స్పర్శ లేకపోవుట మొదటిది. రోగి కళ్లు మూసుకొనగా దూది పోగుతో తాకి, ఎక్కడ తాకిందో వేలితో చూపమంటారు. రెండవది నరము లావెక్కుట. మోచేతి లోపలివైపు ఎముక వెనుక నరమును వ్రేళ్లతో తడిమి చూస్తే తాడువలె తగులును. మూడవది చర్మమును కొద్దిగా గీసి తీసిన రసమును రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు ఎర్రని కడ్డీలవలె కనబడే క్రిములు. వీటిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. మొదటి రెంటికి యంత్రం అవసరం లేదు. దూది, వ్రేళ్లు, ఓపిక ఉంటే చాలును. రోగిని తాకకుండా మాత్రం ఈ రెండు పరీక్షలూ చేయలేము.

ఇక్కడ మ్యూర్ బోధలో ఒక అంశము పాస్టరులు గమనించదగినది. కుష్ఠురోగికి కుష్ఠు మాత్రమే ఉండదని ఆయన వైద్యులకు నొక్కి చెప్పాడు. కొంకిపురుగులు, మలేరియా, జిగట విరేచనాలు, సవాయి వంటివి మనిషిని బలహీనపరచి కుష్ఠును పెంచును. ముందు వాటిని కనిపెట్టి మాన్పవలెను, తిండి బాగుపరచవలెను, ఆ తరువాతనే నూనె సూది. కనుక కుష్ఠు వైద్యశాల వైద్యుడు అన్ని రోగములనూ గుర్తించే వైద్యుడు కావలసి వచ్చింది. "కుష్ఠురోగి" అనే ఒక్క పేరుతో లోకము చూచిన మనిషిలో వైద్యశాల ఐదారు సామాన్య రోగములు గల ఒక సామాన్య మనిషిని చూచింది.

1920లలో డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యుడు జాన్ లోవ్ తరువాత కలకత్తా వెళ్లి, అక్కడనుండి నైజీరియాలోని ఉజువాకోలిలో డాప్సోన్ మాత్రను తక్కువ మోతాదులో నోటి ద్వారా సురక్షితంగా ఇవ్వవచ్చునని 1940ల చివర నిరూపించినవారిలో ముఖ్యుడయ్యాడు. నూనె కాలము అంతటితో ముగిసింది. డాప్సోన్‌కు లొంగని క్రిములు పుట్టుకురాగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ కలిపిన బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఆరు నెలలు, లేక పన్నెండు నెలలు, రోగము నయమగును. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి ఇతరులకు అంటించే స్థితి దాటిపోవును.

ఒక మాట, అనేక రోగములు

ఇప్పుడు లేవీయకాండము 13వ అధ్యాయమునకు వద్దాం. యాజకుడు చూచే గుర్తులేమిటి? వెంట్రుక తెల్లబడుట, మచ్చ చర్మముకంటే లోతుగా కనబడుట, ఏడు దినములలో వ్యాపించుట, పచ్చిమాంసము కనబడుట. స్పర్శ లేకపోవుట అధ్యాయమంతటిలో ఎక్కడా లేదు. శరీరమంతా తెల్లబడినవాడు పవిత్రుడని 13వ వచనము చెప్పుచున్నది. ఆ తరువాత బట్టలకు, 14వ అధ్యాయములో ఇంటి గోడలకు కూడా ఇదే పేరు. హాన్సెన్ క్రిమి గోడకు పట్టదు. హెబ్రీ పదము త్సారాఅత్ ఒక రోగము పేరు కాదు. ఆచార సంబంధమైన అపవిత్రతను కలిగించే అనేక చర్మ లక్షణములకు, బూజుకు కూడా వాడిన పదము.

దానిని గ్రీకులోనికి "లెప్రా" అని అనువదించారు. గ్రీకు వైద్యులకు లెప్రా అంటే పొలుసులు రాలే చర్మ వ్యాధి. నేటి కుష్ఠును పోలిన రోగమును వారు ఎలిఫాంటియాసిస్ అన్నారు. అరబ్బీ వైద్య గ్రంథములు లాటినులోనికి వచ్చిన మధ్యయుగములో ఈ రెండు పేర్లు కలగలిసిపోయాయి. మన వైపు చూస్తే, సంస్కృత వైద్యములో కుష్ఠము కూడా ఒక రోగము కాదు. చరకుడు ఏడు మహాకుష్ఠములు, పదకొండు క్షుద్రకుష్ఠములు, మొత్తం పద్దెనిమిది చెప్పాడు. అయితే తెలుగు ప్రజల నోట కుష్ఠు అంటే వేళ్లు పోయే "పెద్దరోగము" ఒక్కటే అయింది. బైబిలు పదము విశాలమైనది, శాస్త్ర పదము విశాలమైనది, వాటి మధ్య నిలిచిన వాడుక పదము మాత్రం ఇరుకైనది. మన అనువాదము ఆ ఇరుకు పదముమీదనే నిలబడింది. అనువాదకులను నిందించుట మా ఉద్దేశం కాదు; వారి ముందు వేరే పదము ఉన్నదా అన్నది కూడా సందేహమే. కాని "స్పర్శను చంపును" అని మనము ప్రసంగించునప్పుడు లేవీయకాండములో లేని గుర్తును వైద్యశాలనుండి తెచ్చి, పాపమునకు అంటించి, తిరిగి రోగిమీద వేస్తున్నాము.

1948లో హవానాలో జరిగిన అంతర్జాతీయ కుష్ఠు మహాసభ రోగిని రోగము పేరుతో పిలిచే ఆంగ్ల పదమును మానవలెనని కోరింది. ఆంగ్ల బైబిలు నూతన అంతర్జాతీయ అనువాదము 2011 ముద్రణలో లేవీయకాండము 13 కొరకు అపవిత్రపరచు చర్మవ్యాధి అనే అర్థము గల మాట వాడింది. తెలుగులో పాస్టరుకు ఈ వివరణ ప్రసంగంలోనే ఇచ్చే అవకాశం ఉన్నది. అందుకు రెండు నిమిషములకన్న ఎక్కువ పట్టదు.

విడుదల

నూనె సూదుల కాలములో రోగలక్షణములు పోయినవారిని పరీక్షించి వైద్యశాలలు ఇండ్లకు పంపేవి. ఇక్కడ ఒక పోలిక గమనించాలి. లేవీయకాండము 14:3 ప్రకారము యాజకుడు పాళెము వెలుపలికి తానే వెళ్లి బాగుపడినవానిని చూడవలెను. వెలివేసే నిర్ధారణకంటే తిరిగి చేర్చుకొనే నిర్ధారణకు ఆ గ్రంథము ఎక్కువ కర్మకాండను, ఎనిమిది దినములను కేటాయించింది. మన ప్రసంగములలో 13వ అధ్యాయము వినబడినంతగా 14వ అధ్యాయము వినబడదు. దేశములో చాలా చోట్ల నయమై విడుదలైనవారు ఊరికి వెళ్లలేక వైద్యశాలల పక్కనే కాలనీలు కట్టుకొన్నారు. వైద్యుడు చేయవలసినది చేశాడు. పాళెము వెలుపలికి వెళ్లవలసినవాడు వెళ్లలేదు.

భారత ప్రభుత్వము 2005 డిసెంబరు నాటికి దేశస్థాయిలో పదివేల మందికి ఒకరికన్న తక్కువ రోగులు ఉన్నారని లెక్కతేల్చింది. దానిని "నిర్మూలన" అన్న మాటతో ప్రకటించుట వలన రోగమే లేదనే భ్రమ వైద్యులలో కూడా కలిగింది. కోవిడ్‌కు ముందటి ఏండ్లలోనూ తరువాతనూ మన దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త రోగులు నమోదయ్యారు. ప్రపంచపు కొత్త రోగులలో సగానికి పైగా ఇక్కడివారే. 1898 చట్టము 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణముగా చూపే వీలును 2019 చట్టము తొలగించింది. అంతవరకు భీమ్‌గల్‌లో వీపు మీది మచ్చను భర్తకు కూడా చూపని స్త్రీ భయానికి చట్టపు ఆధారం కూడా ఉండేది.

స్పర్శ లేని చేతికి కత్తెర గాటు తెలియదు, పొయ్యి సెగ తెలియదు. వేళ్లు రోగము వలన రాలిపోవని, నొప్పి తెలియక కలిగిన గాయములు, వాటిలో చేరిన చీము వలన పోవునని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ 1940ల చివరినుండి చేసిన పనిలో తేటపడింది. రోజంతా కత్తెరతో తునికాకు కోసి, వేళ్లతో బీడీ చుట్టే స్త్రీకి మచ్చ స్థితిలో తెలియుటకు, రెండేండ్ల తరువాత తెలియుటకు ఉన్న తేడా ఆమె వేళ్లే.