పెన్నా తీరపు పరిమళ సంప్రదాయము

కడప మండలపు పాలకొండలలోను, లంకమలలోను విస్తారముగా పెరుగు ఎర్రచందనము రంగునకును, చెక్కడపు పనికిని దేశాంతరములందు సైతము పేరొందినదే గాని, దాని చేవకు శ్రీగంధపు వాసన లేదు. కనుకనే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలవారికి మేనిపూతగా దక్కిన శ్రీగంధమును, కర్పూరకస్తూరులును పరసీమలనుండి వర్తకుల మూటలలో వచ్చినవే. ఆ వర్తకపు ఘనతకు శ్రీనాథుని హరవిలాసమే సాక్ష్యము: ఆ కావ్యమును కృతినందిన అవచి తిప్పయసెట్టి సుగంధద్రవ్యముల వ్యాపారి, 14వ శతాబ్ది కడపట కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు పరిమళవస్తువులను సమకూర్చినవాడు.

ఏ వాసన ఎప్పుడు పూసికొనవలెనో మన పూర్వులు అలంకారశాస్త్రముకంటె ముందు వైద్యశాస్త్రమునడిగి తెలిసికొనిరి. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఋతుచర్యను చెప్పుచు, హేమంతమున కుంకుమపువ్వును కస్తూరిని కలిపి పూసికొని అగరు పొగ పట్టవలెననియు, గ్రీష్మమున చందనమునాశ్రయింపవలెననియు విధించెను. చలికి వెచ్చని ద్రవ్యము, ఎండకు చల్లని ద్రవ్యము. ఇంతకంటె సులభమును, ఇంతకంటె సత్యమునైన సూత్రము నాకు కానరాదు. అయితే పెన్నా పాపఘ్ని నదుల నడిమి ఈ నేలలో హేమంతము అతిథివలె వచ్చిపోవును. వేసవియో నలుబది డిగ్రీలను దాటి నెలల తరబడి నిలుచును. అందుచేతనే ఇక్కడి ఇండ్లలో కస్తూరికంటె సానమీద అరగదీసిన గంధమునకును, నీళ్లకుండలో వేసిన వట్టివేళ్లకును, వాకిట తడిపి కట్టిన వట్టివేళ్ల తడికకును ఆదరమెక్కువ.

ఇక అత్తరు సంగతి. జమ్మలమడుగునకు చేరువనున్న గండికోట, దానినేలిన పెమ్మసానివారి చేతినుండి జారి, 1650 ప్రాంతమున గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమయ్యెను. తరువాత కడప నవాబుల యేలుబడి 1779లో హైదరలి చేత అంతరించువరకు సాగినది. అతిథికి అత్తరు పూసి తాంబూలమిచ్చి సాగనంపుట ఆనాటి దర్బారుల మర్యాద. ఉత్తరదేశపు కనౌజి పనివారు రాగిపాత్రలో పువ్వులను నీటితో ఉడికించి, ఆ ఆవిరిని వెదురుగొట్టము గుండ నడిపి, వేరొక పాత్రలోని చందనతైలములో చేర్చి ఈ అత్తరును తీయుదురు. ఈ పద్ధతిలో ఏ పువ్వు అత్తరైనను అడుగున శ్రీగంధమే ఆధారము. కడప అమీన్ పీర్ దర్గా ఉరుసులో భక్తితో సమర్పించు గంధమును, మన పెండ్లిపందిళ్లలో పన్నీటితోపాటు అతిథుల చేతులకు పూయు గంధమును ఒక్కటే యగుట ఈ సీమవారు గర్వింపదగిన విషయమని నా నమ్మకము.

అత్తరు సాయిబులు సైతము వాగ్భటుని మార్గముననే నడచిరి. వేసవికి ఖస్ (వట్టివేరు), గులాబి, మల్లె. తొలకరికి కాల్చిన మట్టినుండి తీసిన మట్టి అత్తరు. చలికి హినా, అంబరు, కస్తూరి. ఎండలో చర్మము వేడెక్కినకొలది వాసన వేగముగా లేచును. సన్నని పరిమళము చప్పున ఎగిరిపోవును, బరువైనది చెమటతో కలిసి ప్రక్కవారికి తలనొప్పియగును. ఒంటి తత్త్వమును దీనికి తోడగును: జిడ్డుచర్మము వాసనను చాలసేపు పట్టియుంచును, పొడిచర్మము త్వరగా విడిచివేయును. మిత్రుని మేన మనోహరమైన అత్తరు మన మేన వెగటగుటకు ఇదియొక కారణము.

నేడు చందనతైలము ప్రియమై, అగ్గువ సరకులో పారఫిన్ నూనె చేరినది. రంగు సీసాలును, ప్రకటనలును ఋతువును మరపించినవి. మే నెలలో ప్రొద్దుటూరి పెండ్లికి చలిదేశపువారి ఘాటైన సెంటును పూసికొనిపోవుట తగదని ఖండితముగా చెప్పుదును. కొనువారు మూతవద్ద వాసన చూచి మోసపోక, మణికట్టున ఒక చుక్క రాచి, అరగంట వీధిలో తిరిగివచ్చి, అప్పటికిని హితమనిపించిననే సొమ్ము చెల్లింపవలెను. చైత్రమునుండి ఆషాఢమువరకు ఈ సీమలో గంధమో వట్టివేరో చాలును; హినాను మార్గశిరమునకు దాచుకొనుడు.