మాస్కు అంచున గాలి: బొగ్గుబాయి నుంచి పడకగది దాకా

ముఖానికీ మాస్కుకూ నడుమ సందు లేకుండా చూడడమనే పని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ముందు బొగ్గుబాయిల ద్వారా పరిచయమైంది. ఆసుపత్రులు ఆ తర్వాతే. 1889లో ఇల్లెందు దగ్గర మొదలైన సింగరేణి తవ్వకం 1920ల చివర్లో బెల్లంపల్లికి, 1960 ప్రాంతంలో గోదావరిఖనికి చేరింది. బాయిలో మంట అంటుకున్నా, పేలుడు జరిగినా మిగిలే గాలిలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అందులోకి దిగే రెస్క్యూ బృందం తన ఆక్సిజన్‌ను తానే మోసుకెళ్లాలి. బ్రిటన్ గనుల్లోనూ మన దేశపు గనుల్లోనూ చాలాకాలం వాడిన ప్రోటో పరికరంలో మాస్కు ఉండేది కాదు. రబ్బరు మూతిని పళ్ల మధ్య కరచిపట్టి, ముక్కుకు క్లిప్పు బిగించుకునేవారు. ముఖమంతా కప్పే మాస్కు వచ్చాక లీకు భయం మొదలైంది. పాత తరహా పరికరాల్లో ఊపిరి పీల్చిన ప్రతిసారీ మాస్కు లోపలి పీడనం బయటికన్నా తగ్గేది. అంచున వెంట్రుకవాసి సందున్నా విషవాయువు లోపలికి చొరబడేది. మాస్కు ఆనే చోట గడ్డం ఉండకూడదన్న కట్టుబాటు అందుకే. తర్వాతి పరికరాలు లోపలి పీడనాన్ని ఎప్పుడూ కాస్త ఎక్కువగా నిలిపి ఉంచడంతో, లీకైనా గాలి బయటికే పోయే ఏర్పాటు కుదిరింది. 1985 నాటి మైన్స్ రెస్క్యూ రూల్స్ రెస్క్యూ పరికరాలకు, వాటిపై శిక్షణకు చట్టబద్ధత కల్పించాయి. రామగుండంలోని రెస్క్యూ స్టేషన్ ఆ శిక్షణకు ఈ ప్రాంతంలో కేంద్రం.

స్లీప్ ఆప్నియా చికిత్సలో వాడే మాస్కుదీ అదే సూత్రం: లోపల పీడనం ఎక్కువ, లీకైతే గాలి బయటికి. ప్రాణాపాయం అప్పటికప్పుడు ఉండదు కాబట్టి లీకును తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి చికిత్స చేసేది ఆ పీడనమే. అది జారిపోతే మాస్కు పెట్టుకున్నా పెట్టుకోనట్టే. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక మొదలూ కొండనాలుకా వెనక్కి వాలితే గాలి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులో కణజాలం అదిరితే వచ్చేది గురక. దారి పూర్తిగా మూసుకుంటే శ్వాస పది సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఆగిపోతుంది; రక్తంలో ఆక్సిజన్ పడిపోయి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. తీవ్రమైన కేసుల్లో ఇది గంటకు ముప్పైసార్లకు పైగా జరుగుతుంది. పడుకున్న మనిషికి ఏదీ గుర్తుండదు, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

ఇది జబ్బు అన్న గుర్తింపే ఆలస్యంగా వచ్చింది. గాఢమైన గురకను గాఢనిద్రకు గుర్తుగా చూసిన ఇళ్లు, కుంభకర్ణుడని నవ్వి ఊరుకున్న ఇళ్లు ఎన్నో. 1965లో ఫ్రాన్స్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా నిద్రలో శ్వాస ఆగడాన్ని నమోదు చేశారు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గియ్యమినో, డిమెంట్ బృందం దీన్ని ఒక ప్రత్యేక రుగ్మతగా వివరించి పేరు స్థిరపరిచింది. అప్పటికి తీవ్రమైన రోగికి దక్కే గట్టి చికిత్స ఒక్కటే: మెడ ముందు గాలిగొట్టానికి రంధ్రం చేసి, రాత్రిళ్లు దాని గుండా ఊపిరి పీల్చుకోనివ్వడం.

1980 జూన్‌లో సిడ్నీలోని రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రిలో ఆ రంధ్రానికి ఒప్పుకోని ఒక భవన నిర్మాణ కార్మికుడిపై కోలిన్ సలివన్ కొత్త ప్రయోగం చేశాడు. అంతకుముందు టొరంటోలో ఎలియట్ ఫిలిప్సన్ వద్ద కుక్కల నిద్రలో శ్వాస గురించి పరిశోధిస్తూ వాటి మూతులకు మాస్కులు అమర్చిన అనుభవం ఆయనకుంది. వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలిని ముక్కులోకి పంపి, పీడనం పెంచగానే గురక ఆగడం, తగ్గించగానే శ్వాస ఆగడం ఆ రాత్రంతా చూశాడు. ఐదుగురు రోగుల ఫలితాలు 1981 ఏప్రిల్‌లో లాన్సెట్‌లో వచ్చాయి, 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానమైన పీడనమే గొంతును తెరిచి ఉంచడానికి చాలింది. సీపాప్ చికిత్స పుట్టుక ఇదే. ఆ తొలి మాస్కుల్లో లీకుకు విరుగుడు జిగురు. ప్రతి రోగి ముక్కుకూ అచ్చు తీసి మాస్కు పోతపోసి, రోజూ రాత్రి మెడికల్ సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించేవారు; పొద్దున్నే ఊడదీసి కడిగేవారు. ఇళ్లలో ఏళ్ల తరబడి వాడిన ఆ తొలి రోగుల ఓర్పు లేకపోతే ఈ చికిత్స ప్రయోగశాలలోనే ఆగిపోయేది.

జిగురు బాధ తప్పించింది పలుచని సిలికాన్ పొర. అమెరికాలో రెస్పిరానిక్స్ 1985 నుంచి యంత్రాల అమ్మకం మొదలుపెట్టింది. సలివన్ పనిని 1989 నుంచి ముందుకు తీసుకెళ్లిన రెస్‌కేర్ తర్వాత రెస్‌మెడ్ అయింది. ఈ కంపెనీల మాస్కుల్లో కుషన్‌కు రెండు పొరలుంటాయి: లోపలిది దళసరిది, బయటిది చర్మానికి ఆనే మెత్తనిది. యంత్రం ఊదే గాలే బయటి పొరను ఉబ్బించి ముఖం ఒంపులకు అదిమిపెడుతుంది. కాబట్టి లీకైనప్పుడు చేయి సహజంగా పట్టీల మీదికి పోయినా, బిగించేకొద్దీ ఆ పొర నలిగి ముడతపడి లీకు పెరుగుతుంది. ముక్కు దూలం మీద పుండూ పడుతుంది. సరైన పద్ధతి వేరు. యంత్రం నడుస్తుండగా పడుకుని, మాస్కును ముఖం నుంచి కాస్త ఎత్తి, పొర ఉబ్బాక మళ్లీ ఆనించి, పట్టీలను రెండు వైపులా సమంగా సరిచేయాలి. కూర్చున్నప్పుడు చక్కగా ఆనిన మాస్కు పక్కకు ఒత్తిగిలగానే కదలడం మామూలే. మరో పొరపాటు ఇంతకన్నా ప్రమాదకరం: మాస్కు ముందరి చిన్న రంధ్రాల్లోంచి గాలి పోవడం లీకు కాదు, వదిలిన ఊపిరి బయటికి పోయే దారి. దాన్ని టేపుతో మూస్తే వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవాల్సి వస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఆసుపత్రుల మాస్కు విస్తృతంగా జనం కంటపడింది 2020-21 కోవిడ్ వేళ, బైపాప్ అనే శ్వాస యంత్రం రూపంలో. 2022 ఫిబ్రవరిలో, ‘సింహాసనం’, ‘గ్యాంగ్‌లీడర్’ పాటలతో తెలుగువారికి దగ్గరైన సంగీత దర్శకుడు బప్పీ లహరి మరణానికి కారణంగా వైద్యులు స్లీప్ ఆప్నియాను పేర్కొనడంతో ఆ పేరూ చాలామంది చెవిన పడింది. వైద్య కళాశాలల విస్తరణా ఆ కాలానిదే. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో రాగా, మంచిర్యాల, రామగుండం, జగిత్యాలలో 2022లో, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. డాక్టర్లు దగ్గరికొచ్చారు, మాస్కును ముఖానికి కుదిర్చి చూపే చేయి కూడా అంతే దగ్గర్లో ఉండాలి.

ఎందుకంటే ఈ నేల వాతావరణమే మాస్కుకు పరీక్ష. తిర్యాణి మండలం గిన్నెధరి, సిర్పూర్ (యు) ప్రాంతాల్లో కొన్ని చలికాలపు రాత్రులు 5 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. హ్యుమిడిఫయర్ ఇచ్చే వెచ్చని తేమగాలి చల్లని గొట్టంలో నీటి బొట్లుగా మారి గుడగుడలాడుతుంది, గాలి తాకిడికి ముఖం మీదికీ చిమ్ముతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని మళ్లీ గురక అనుకుంటారు. గొట్టాన్ని బొంత కిందుగా పోనివ్వడం, యంత్రాన్ని మంచం కన్నా దిగువన పెట్టడం, తేమ ఒక మెట్టు తగ్గించడం దీనికి మందు. రామగుండం ఎండాకాలంలో ఇబ్బంది వేరు. 45 డిగ్రీలు దాటిన పగటిపూట, నైట్ షిఫ్టు దిగి కూలర్ ముందు పడుకునే గని కార్మికుడి ముఖం మీద చెమటకు కుషన్ జారుతుంది. పడుకునేముందు ముఖం సబ్బుతో కడుక్కుని, రోజూ కుషన్‌నూ కడగాలి. నూనె, క్రీము ఆనితే సిలికాన్ నిలవదు. తలకు పట్టించిన కొబ్బరినూనె పట్టీల సాగుదలను త్వరగా తినేస్తుంది. ఒత్తయిన మీసం, గడ్డం ఉన్నవారికి ముక్కు రంధ్రాల్లో ఆనే చిన్న మెత్తలు నయం. ముక్కుపుడక పెట్టుకునే ఆడవాళ్లకు మాత్రం అవి గుచ్చుకోవచ్చు. పుడక తీసి పడుకోవడమో, ముక్కు రెక్కలకు దూరంగా ఆనే పెద్ద మాస్కు ఎంచుకోవడమో చేయాలి.

మాస్కు సరిగ్గా ఆనినా గురక వినిపిస్తే కారణం మరోచోట ఉంటుంది. ముక్కు మాస్కు పెట్టుకుని నోరు తెరిచి పడుకుంటే గాలి నోటిగుండా పోతుంది, పెదాలు అదిరి చప్పుడవుతుంది, పొద్దున నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. ముక్కు దిబ్బడ తగ్గించడం, గదవను పట్టీతో నిలపడం, నోటినీ కప్పే మాస్కుకు మారడం దీనికి వరుస. నోరు మూసే ఉండి గురక వస్తే పీడనం చాలడం లేదని అర్థం: బరువు పెరిగి ఉండవచ్చు, వెల్లకిలా పడుకుని ఉండవచ్చు, రాత్రి మందు తాగి ఉండవచ్చు. పీడనం మార్చాల్సింది డాక్టరే, ఎవరికి వారు మీట తిప్పుకోవడం కాదు. 1990లలో వచ్చిన ఆటో సీపాప్ యంత్రాలు గాలి పీడనంలోని సన్నని అదురును గురకగా గుర్తించి తమంతట తామే పీడనం పెంచుతాయి. పెద్ద లీకు ఉన్నప్పుడు మాత్రం ఆ గుర్తింపే తడబడుతుంది. అందుకే ముందు లీకు ఆపాలి, పీడనం సంగతి తర్వాత.

యంత్రం చప్పుడు తగ్గించే ప్రయత్నమూ ఈ చరిత్రలో ఒక చేదు ఘట్టం మిగిల్చింది. మోటారు రొద మింగడానికి లోపల పెట్టిన పాలియురెథేన్ ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిదారిలో చేరే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది.

ఇప్పటి యంత్రాలు రాత్రి లీకును నిమిషానికి లీటర్లలో నమోదు చేస్తాయి. రెస్‌మెడ్ యంత్రాల్లో 24 లీటర్ల దాకా సహించదగినది. కొన్ని కంపెనీలు రంధ్రాల గుండా కావాలని వదిలే గాలినీ అందులో కలిపి చూపిస్తాయి కాబట్టి ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చకూడదు. అంకె ఒక్కసారిగా పెరిగితే మాస్కు పక్కకు జరిగిందనో, నోరు తెరుచుకుందనో అనుమానించాలి. నెలల తరబడి మెల్లమెల్లగా పెరుగుతుంటే కుషన్ అరిగింది, మార్చే సమయం వచ్చింది. ఆ నివేదిక ఇప్పుడు ఫోన్‌లో ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్‌లోని డాక్టరుకైనా, హైదరాబాద్‌లోని డాక్టరుకైనా పంపవచ్చు.